సాహిత్య వేదికపై మన మాట

(కరీంనగర్‌లో యువ రచయితల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సాహిత్య చర్చావేదికల మీద రచయిత శ్రోతలను ఎలా ఆకట్టుకోవాలన్నది నాకు అప్పగించిన అంశం. మొదట విన్నప్పుడు కొంత సంకోచించాను. ఆకట్టుకోవడమన్న మాటలో అంగడి వాసన ఉంది. రచయిత పని రాయడం, ఆకట్టుకోవడం వక్తల పని అని తప్పించుకోవచ్చునా అని కూడా ఆలోచించాను. కాని మన విషయంలో ఈ ప్రశ్న అంత తేలికగా కొట్టివేయదగినది కాదు. తెలుగు సాహిత్య సభలో ముస్లిం రచయితకు కుర్చీ దొరకడానికే చాలా కాలం పట్టింది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ గారి 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో 'వతన్' కథా సంకలనం స్కైబాబ గారి సంపాదకత్వంలో వెలువడ్డాయి. 'దర్గామిట్ట కథలు' రాసిన మహమ్మద్ ఖదీర్‌బాబు గారు, 'నఖాబ్' కవయిత్రి షాజహానా గారు, ఇంకా పలువురు రాసి రాసి తెలుగు పాఠకుణ్ణి మన గడప దాకా తీసుకువచ్చారు. ఆ తరువాతనే సభానిర్వాహకులకు ముస్లిం సాహిత్యానికి ఒక అంశం, ఒక కుర్చీ కేటాయించాలని తోచింది. ఆ కుర్చీ మీద కూర్చున్న కొద్దిపాటి సమయంలో మనం ఏమి చేస్తున్నామన్నదే నేటి నా విషయం.

నిర్మొహమాటంగా చెబుతున్నాను. ఎక్కువసార్లు అక్కడ మనం రచయితలుగా మాట్లాడటం లేదు, సాక్షులుగా మాట్లాడుతున్నాం. బోనులో నిలబడినవారిలాగా వాంగ్మూలం ఇస్తున్నాం. మనల్ని పిలిచినవారు కూడా తెలిసో తెలియకో అదే కోరుతున్నారు. పక్కన కూర్చున్న కవిని ఆయన కవితలో ఒక ప్రతీక గురించి అడుగుతారు. మనల్ని మన సమాజం గురించి అడుగుతారు. ఆ ప్రశ్నకు మనం కూడా నివేదికలోని అంకెలతో జవాబు చెప్పి, చెమట తుడుచుకొని, శాలువా కప్పించుకొని ఇంటికి వస్తున్నాం. మన పుస్తకం మాత్రం సంచిలోనే ఉండిపోతున్నది.

ఇది ఇతరులపై విమర్శ కాదు. నేనే చేసిన పొరపాటు ఒకటి మీ ముందు పెడతాను.

పన్నెండేళ్ల క్రితం ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో చర్చాగోష్ఠికి వెళ్లాను. నలుగురు రచయితలం. చివర ప్రశ్నల సమయంలో వెనుక వరుస నుంచి తెల్లని ధోవతి కట్టుకున్న ఒక వృద్ధుడు లేచి, "మీ ఇండ్లల్ల ఉర్దూనే మాట్లాడుతరు గద, మరి తెలుగుల ఎందుకు రాస్తరు?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు సూదిలా గుచ్చుకుంది. నీ ఇల్లు వేరు, నీ భాష వేరు, ఇక్కడ నీకేమి పని అని అడిగినట్లు వినిపించింది. నేను మైకు అందుకొని కుతుబ్‌షాహీల నుంచి మొదలుపెట్టాను. తెలుగును ఆదరించిన సుల్తానులను, తెలుగులో రాసిన ముస్లిం కవులను వరుసగా స్మరించాను. మన దేశభక్తిని నిరూపించాను. సమన్వయకర్త రెండుసార్లు చీటీ పంపినా ఆపలేదు. ముందు వరుసలోని మనవాళ్లు గట్టిగానే చప్పట్లు కొట్టారు. నేను గెలిచాననుకున్నాను.

సభ ముగిశాక ఆ వృద్ధుడు కర్ర ఊతంగా మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నారు. "సారూ, నేను ఉర్దూల చదువుకున్నోన్ని. పోలీస్ యాక్షన్ నాటికి ఏడో జమాత్. ఇప్పుడు నాతోని ఆ మాట మాట్లాడేటోళ్లు మా ఇంట్ల ఎవ్వరు లేరు. మీ ఇంటి ఉర్దూ మీ తెలుగులకు ఎట్లొస్తదో చెప్తరనుకున్న" అన్నారు. ఆ తరువాత ఉర్దూలోనే ఖుదా హాఫిజ్ చెప్పి రిక్షా ఎక్కారు.

ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు. ఒక స్నేహితుణ్ణి శత్రువుగా భావించి ఇరవై నిమిషాలు యుద్ధం చేశాను. ఆయన అడిగినది నిజానికి నా రచన గురించిన ప్రశ్న, రచయిత మాత్రమే చెప్పగల జవాబున్న ప్రశ్న. దానికి జవాబు నా దగ్గర ఉంది కూడా. మా అమ్మ ఉర్దూలో మందలిస్తే నేను తెలుగులో అలిగేవాణ్ణి. ఆ రెండింటి నడుమ నా వాక్యం పుట్టింది. ఇంత చెబితే చాలు. చెప్పలేదు. ఎందుకంటే నేను వినలేదు.

అందువల్ల ఆకట్టుకోవడం గురించి నేను చెప్పగలిగిన మొదటి సంగతి మాట్లాడటానికి సంబంధించినది కాదు. ఇది మనకు కొత్తగా ఎవరో నేర్పవలసినది కూడా కాదు. మన ముషాయిరా సంప్రదాయమంతా దీని మీదనే నిలబడి ఉంది. ముషాయిరా చూసినవారు ఇక్కడ చాలామందే ఉన్నారు. కవి వచ్చి ముందుగా సభాధ్యక్షుని ఇజాజత్ కోరుతాడు. షేర్‌లో మొదటి మిస్రా చదువుతాడు. సభ దానిని అందుకొని తిరిగి పలుకుతుంది. కవి మళ్లీ అదే మిస్రా చదువుతాడు. అప్పటికి సభలోని ప్రతి మనిషీ ఆ సగం వాక్యంలోకి వచ్చి, మిగిలిన సగం ఏమై ఉంటుందా అని ఎదురుచూస్తూ ఉంటాడు. అప్పుడు రెండో మిస్రా విడుదలవుతుంది. ఎవరో ముకర్రర్ అంటారు. కవి విసుక్కోకుండా మళ్లీ చదువుతాడు. ఇందులో ఎంత జ్ఞానం ఉందో చూడండి. శ్రోత మన మాట దగ్గరకు నడిచి రావడానికి కొంత వ్యవధి ఇవ్వాలి. మనం రాతలో నెలల తరబడి ఆలోచించిన సంగతిని ఆయన మొదటిసారి, ఫ్యాను చప్పుడులో, అర చెవితో వింటున్నాడు. ముఖ్యమైన వాక్యాన్ని ఒకసారి చెప్పి, ఆగి, మళ్లీ చెప్పడానికి సిగ్గుపడవద్దు.

ముషాయిరాలో ఇంకొక మర్యాద ఉంది. తన వంతు కాని కవి వేదిక మీద ఊరికే కూర్చోడు. తన కన్న చిన్నవాడు చదువుతున్నా తల ఊపుతాడు, మంచి షేర్ పడితే వాహ్ అంటాడు, బాగాలేకపోతే మౌనంగా పాన్‌దాన్ వైపు చూస్తాడు. మన తెలుగు చర్చావేదికల మీద ఏమి జరుగుతున్నది? ఒకరు మాట్లాడుతుంటే మిగిలిన ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు, లేదా తమ కాగితాలు సర్దుకుంటారు. శ్రోతలు దీనిని గమనించరని మనం అనుకుంటాం. వాళ్ల కళ్ల ఎదుటనే ఎత్తైన బల్ల వెనుక కూర్చున్నాం, ఎలా గమనించరు? తోటి రచయిత మాట్లాడుతున్నప్పుడు శ్రద్ధగా విన్నవాని మీద సభకు ముందే ఒక గౌరవం ఏర్పడుతుంది. అతడు లేచి, "ఇంతకు ముందు మాట్లాడిన సోదరి చెప్పిన ఆ సంగతి నా కథలో మరోలా జరిగింది" అని మొదలుపెడితే సగం పని అయిపోయినట్లే. అందుకని పిలుపు రాగానే చేయవలసిన మొదటి పని వేదిక మీద మనతో కూర్చునే మిగిలినవారి పుస్తకాలు సంపాదించి చదవడం. అన్నీ కుదరకపోతే ఒక్కొక్కరిది ఒక్క కథ, ఒక్క కవిత.

మన నేల మీద సభను ఆకట్టుకున్నవారిని తలచుకుంటే ఇద్దరు పెద్దలు గుర్తుకు వస్తారు. ఇద్దరూ ముస్లిములు కారు. ఇద్దరినీ ఉర్దూ పెంచింది.

డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు 1931లో ఈ ఉమ్మడి జిల్లాలోనే హనుమాజీపేటలో జన్మించారు. సిరిసిల్లలో, ఈ కరీంనగర్‌లో, ఆపైన ఉస్మానియాలో ఆయన చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న తెలుగు కవి ఉర్దూ మాధ్యమంలో చదువుకున్నవాడు! తెలుగు గజళ్లను తన గొంతుతో తానే పాడి వినిపించేవారు. ఆ గానం వెనుక ఉన్నది తరన్నుమ్ సంప్రదాయమే. కవి తన పద్యాన్ని గాయకునికి అప్పగించకుండా, తన శ్వాసతోనే సభకు అందించే పద్ధతి. గొంతు లేనివారు నిరాశపడవలసిన పని లేదు. పాడకుండా మామూలుగా చదివే తహతుల్లఫ్జ్ పద్ధతికి కూడా ముషాయిరాలో అంతే గౌరవం ఉంది. చదువుతున్నవాడు తన వాక్యాన్ని తాను ఆ క్షణంలో మళ్లీ అనుభవిస్తున్నాడా లేదా అన్నదే సభ చూస్తుంది.

రెండోవారు డాక్టర్ సామల సదాశివ గారు. 1928లో ఆదిలాబాద్ జిల్లా దహెగాం ప్రాంతంలో పుట్టి, 2012లో మరణించేదాకా ఆదిలాబాద్‌నే నమ్ముకొని ఉన్నవారు. సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, మరాఠీ తెలిసిన పండితుడు. అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. హిందుస్తానీ సంగీతకారుల ముచ్చట్లతో రాసిన 'స్వరలయలు' గ్రంథానికి 2011లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. 'యాది' చదివినవారికి తెలుసు, ఆయన పాండిత్యం ఎక్కడా పెద్దగొంతు చేసుకోదు. అరుగు మీద కూర్చొని, పక్కవానికి చాయ్ అందిస్తూ చెప్పినట్లుగా ఉంటుంది. ఒక ఉస్తాద్ స్వభావం, ఒక శాయరు పేదరికం, ఎప్పుడో విన్న ఒక మాట, అంతే. కాని పుస్తకం మూసేసరికి ఒక యుగం సంగీతం మనకు పరిచయమై ఉంటుంది. మనవాళ్లలో ముసల్మానుల సంస్కృతి గురించి తెలుగు పాఠకునికి చెప్పడానికి అంత ఆవేశం, అంత సమర్థన అవసరమవుతున్నప్పుడు ఆయనకు ఎందుకు అవసరం కాలేదు? ఆయన మన సంస్కృతిని సమర్థించలేదు, ప్రేమించాడు. సమర్థించవలసిన అగత్యం ఆయనకు లేదు, మనకు ఉంది, అది ఒక తేడా అని మీరు అనవచ్చు. నిజమే, ఆ తేడా చిన్నది కాదు. అయినా ఆయన చెప్పే పద్ధతి మనం తీసుకోదగినదే. ఒక మనిషి, ఒక వస్తువు, ఒక మాట. వాటితో మొదలుపెట్టాలి.

ఇక ఆచరణలోకి వద్దాం. గంటసేపటి చర్చ అని ఆహ్వానపత్రంలో ఉంటుంది. పుష్పగుచ్ఛాలకు, పరిచయాలకు పదిహేను నిమిషాలు పోతాయి. ప్రశ్నలకు పది నిమిషాలు తీసేయండి. మిగిలిన ముప్పైఅయిదు నిమిషాలు నలుగురికి పంచితే మనిషికి తొమ్మిది నిమిషాలైనా రావు. కాబట్టి ఎనిమిది నిమిషాలకు సిద్ధపడండి. అందులో రెండు నిమిషాలు మీ పుస్తకంలోంచి ఒక పేజీ చదవండి. ఏ పేజీ చదవాలో ముందు రోజే నిర్ణయించుకొని, ఇంట్లో గట్టిగా చదివి గడియారం చూసుకోండి. వేదిక మీద పుస్తకం తిరగేస్తూ పేజీ వెతికే రచయితను చూసి సభ జాలిపడుతుంది. జాలి మనకు అవసరం లేదు. ఒకే ఒక్క సంగతి చెప్పాలని నిశ్చయించుకోండి. నమాజును దీర్ఘంగా, ఖుత్బాను సంక్షిప్తంగా ఉంచడం మనిషి వివేకానికి గుర్తు అన్న ప్రవక్త (స) బోధను ప్రతి జుమాకూ తలచుకునే మనం, మైకు దొరకగానే ఎందుకు మరచిపోతామో నాకు అర్థం కాదు.

కాగితం చూసి చదవవచ్చా? చదవవచ్చు, కాని తల వంచుకొని చివరిదాకా చదివితే అది ప్రసంగం కాదు, పత్రసమర్పణ. నాలుగు మాటలు చీటీ మీద రాసుకొని మిగతాది ముఖాలు చూస్తూ చెప్పడం మేలు. మైకును నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఇది చిన్న సంగతే, కాని మన ఆడపిల్లల్లో చాలామంది మైకుకు దూరంగా జరిగి మాట్లాడుతారు. వెనుక వరుసలో ఒక్క మాట వినపడదు. వినపడకపోవడం వినయం కాదు బేటీ.

సభకు ముందే నిర్వాహకులతో మాట్లాడుకోవలసినవి కొన్ని ఉంటాయి. సాయంకాలపు సభల్లో మన వంతు సరిగ్గా మగ్రిబ్ వేళకు వస్తుంది. ఆ సంగతి ముందే చెబితే వంతు మార్చుతారు. నాకు తెలిసి కాదన్నవారు లేరు. చెప్పకుండా మధ్యలో లేచి వెళితే అది ఇంకోలా అర్థమవుతుంది. జ్యోతి ప్రజ్వలన దగ్గర మన చేతికి వత్తి అందిస్తారు. ఎవరి అంతరాత్మ వారిది. కాని చేయకూడదనుకున్నవారు ఆ క్షణంలో చేయి వెనక్కి తీసుకొని సభనంతా ఇబ్బంది పెట్టకుండా, ముందు రోజే ఫోనులో మర్యాదగా ఒక మాట చెబితే సరిపోతుంది. అక్కడ గౌరవంగా నిలబడటంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు.

భాష గురించి తరచు అడుగుతారు. మన ఇంటి మాటలను సభలో వాడవచ్చా, వాడితే అర్థం చెప్పాలా? ఈ రెండు జిల్లాల్లో ఈ భయం అనవసరం. దవాఖాన, పరేషాన్, షురూ, జర అనే మాటలు లేకుండా ఇక్కడి ఏ కులం, ఏ మతం మనిషీ ఒక పూట మాట్లాడలేడు. కందూరు అంటే ఏమిటో కరీంనగర్ పల్లెలో ఎవరికి వివరించాలి? మొక్కుకొని దర్గా దగ్గర కందూరు చేసే కుటుంబాల్లో సగం మన పొరుగువారే. పీర్ల పండుగకు పీరు ఎత్తేది వారే. హైదరాబాదు వేదిక మీదో, విజయవాడలోనో కూర్చున్నప్పుడు ఒక మాట వివరించవలసి రావచ్చు. అప్పుడు క్షమాపణ చెబుతున్నట్లుగా కాకుండా, కథలో భాగంగా వివరించండి. 'దస్తర్‌ఖాన్ అంటే మావాళ్లు భోజనానికి పరిచే వస్త్రం' అని చెప్పడం ఒకటి, 'మా అమ్మ దస్తర్‌ఖాన్ పరిచింది, నలుగురం చుట్టూ కూర్చున్నాం, అన్నం ఇద్దరికే ఉంది' అని చెప్పడం ఒకటి. రెండో వాక్యానికి నిఘంటువు అక్కరలేదు.

ఆదిలాబాద్ వైపు వెళ్లే రచయితలకు ఒక హెచ్చరిక. అక్కడి సభ ఒక్క భాష సభ కాదు. గోండి, కొలామి, మరాఠీ, లంబాడి, ఉర్దూ, తెలుగు ఒకే అంగడిలో వినిపిస్తాయి. నార్నూరు మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు బయటపడ్డాయి. అంటే లిపి లేని జాతి అని మనం తేలికగా అనేసిన మాట కూడా తప్పే. అటువంటి సభలో నిలబడి, నా మాతృభాష ఒకటి, నేను రాసే భాష మరొకటి అని మీరు చెబితే అది వింత కాదు. ఎదుట కూర్చున్న గోండు యువకుని సంగతి కూడా అదే. మన బాధ మనకే ప్రత్యేకమన్న భావనతో వెళ్లిన వక్త అక్కడ ఒంటరివాడవుతాడు. మీ ఇంట్లో ఏ భాష అని ముందుగా ఆయనను అడిగిన వక్తకు సభ తానే దారి ఇస్తుంది.

ఆదిలాబాద్ అన్నప్పుడు ఇంకొక సంగతి దాటవేయడం ధర్మం కాదు. 2008 అక్టోబరులో భైంసా అల్లర్ల వెంటనే, దగ్గరలోని వటోలి గ్రామంలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురు ఇంట్లోనే సజీవదహనమయ్యారు. వారిలో పసిపిల్లలున్నారు. దీనిని గురించి సాహిత్య వేదిక మీద మాట్లాడాలా? మాట్లాడాలి. కాని ఎలా? ఆ ఆరుగురిని ప్రసంగానికి పతాక సన్నివేశంగా వాడుకొని, గొంతు పెంచి, చప్పట్ల కోసం ఆగిన వక్తను నేను చూశాను. ఆ చప్పట్లు వింటుంటే నాకు వణుకు పుట్టింది. మరణించినవారు మన వాక్చాతుర్యానికి సామగ్రి కారు. అటువంటి సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు గొంతు తగ్గాలి, విశేషణాలు పోవాలి. ఊరు, నెల, మనుషుల సంఖ్య, అంతవరకు చెప్పి ఆగాలి. ఆ మౌనంలో సభ చేసే ఆలోచనను మనం పాడుచేయకూడదు. కోపం తప్పు అని నేననడం లేదు. కోపం రాతలో చల్లారకుండా ఉండాలి, వేదిక మీద అదుపులో ఉండాలి.

సామరస్యపు ఉదాహరణల విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. వేములవాడ రాజరాజేశ్వరాలయ ప్రాంగణంలోని దర్గాను ప్రస్తావించకుండా ముగిసిన మతసామరస్య ప్రసంగం ఈ జిల్లాలో నేను ఒక్కటీ వినలేదు. అది నిజమే, మనకు గర్వకారణమే. కాని అందరూ ఎరిగిన ఆ ఒక్క ఉదాహరణనే డాలులాగా అడ్డం పెట్టుకుంటే శ్రోత దానిని విని కూడా విననట్లు ఉంటాడు. మీ సందులో, మీ ఇంటి గోడ పక్కన జరిగినది ఒకటి చెప్పండి. గోడ కూలితే ఎవరు మొదట పార పట్టుకొని వచ్చారో చెప్పండి. రానివారు ఎవరో కూడా చెప్పండి.

ఇక ప్రశ్నలు. మనకు వచ్చే ప్రశ్నలలో నిజంగా కత్తి పట్టుకొని వచ్చేవి ఉంటాయి. మీరు ముందు భారతీయులా, ముందు ముస్లిములా అన్నది వాటిలో పాతది. ఫలానా దేశంలో జరిగినదాన్ని మీరు ఖండిస్తారా అన్నది ఎప్పటికప్పుడు కొత్తది. నా వృద్ధమిత్రుని ప్రశ్న వంటివి, పైకి కత్తిలా కనిపించి లోపల ఆర్తితో వచ్చేవి కూడా ఉంటాయి. రెండింటినీ వేరుచేయడానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే. "మీకు ఈ ప్రశ్న ఎందుకు కలిగిందో కాస్త చెబుతారా?" అని శాంతంగా తిరిగి అడగడం. ఆర్తితో అడిగినవారు తమ కథ చెబుతారు, అప్పుడు సంభాషణ మొదలవుతుంది. కత్తితో వచ్చినవారు తడబడతారు, లేదా ఉపన్యాసం మొదలుపెడతారు. సభ ఆ తేడాను తానే చూస్తుంది. అప్పుడు మనం రెండు వాక్యాలకు మించి చెప్పవలసిన పని లేదు. ఇదే ప్రశ్నను పక్కన ఉన్న రచయితను కూడా అడుగుతారా అని చిరునవ్వుతో అంటే చాలు. కాని ఆ చిరునవ్వు నిజమైనది కావాలి. వెటకారం అయితే సభ మన వైపు ఉండదు.

మొన్న ఒక సభలో నా పూర్వవిద్యార్థిని ఒకామె కథకురాలిగా కూర్చుంది. బీడీ కార్మికురాలైన తల్లి గురించి ఆమె మంచి కథ రాసింది. ఈ జిల్లాల్లో బీడీలు చుట్టే చేతులు ఎన్ని ఇండ్లలో ఉన్నాయో మీకు తెలుసు. సమన్వయకర్త ఆ కథ ఊసెత్తకుండా, మీరు బురఖా ధరిస్తారు గదా, అది మీకు అడ్డంకిగా అనిపించదా అని అడిగారు. సభలో చిన్న కలకలం రేగింది. మనవాళ్లు ఇద్దరు లేవబోయారు. ఆ అమ్మాయి మైకు దగ్గరకు జరిగి, "మా అమ్మ ఫ్యాక్టరీకి బీడీలు అప్పగించడానికి పోయే సంగతి కథలో ఉంది సార్. అందులో బురఖా కూడా ఉంది. చదువుతాను" అని, ఒక పేరా చదివింది. తల్లి బురఖా కొంగులో బీడీ కట్టలు మూటకట్టుకొని వానలో పరుగెత్తడం, ఆకు తడిసిందని లెక్కగుమాస్తా సగం కట్టలు పక్కన పడేయడం, ఆమె ఏమీ అనకుండా అదే కొంగుతో ముఖం తుడుచుకోవడం. నిమిషంన్నర పట్టింది. చదివి కూర్చుంది. ఇంకొక మాట మాట్లాడలేదు. ఆ తరువాతి ప్రశ్నలన్నీ బీడీ కూలి రేటు గురించి, ఆ కథ గురించి వచ్చాయి. నేను నా పన్నెండేళ్ల నాటి ఇరవై నిమిషాలను తలచుకొని సిగ్గుపడ్డాను.

చివరగా మన ఇంటివారి సంగతి. మనం ఎవరిని ఆకట్టుకోవాలని ఇంత తపన పడుతున్నామో ఒకసారి చూసుకోవాలి. తెలుగు సభల్లో మన తల్లులు, అక్కచెల్లెళ్లు ఎంతమంది ఉంటున్నారు? మనం తెలుగులో వారి గురించి రాస్తాం. వారిలో చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవరు. ఉర్దూ చదివే పెద్దలకు మన తెలుగు పుస్తకం ఒక మూసిన పెట్టె. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు. సంతోషమే. కాని మా అమ్మ గురించి నేను రాసిన కథ మా అమ్మకు చేర్చవలసిన పని ప్రభుత్వానిది కాదు. నేను ఆ కథను మా అమ్మకు ఉర్దూలో చదివి వినిపించడానికి ఆరేళ్లు పట్టింది. విని, "ఇంత మంది ముందర మన ఇంటి సంగతి చెప్పినవా?" అన్నది. కొంతసేపటికి, "ఆ నాడు నేను ఏడ్వలేదు, నువ్వు తప్పు రాసినవ్" అన్నది. ఏ సమీక్షకుడూ అంత సూటిగా ఒక దోషం చూపలేదు. అందుచేత పట్టణాల సభలకు వెళ్లే ముందు మీ రచనను మీ మొహల్లాలో, ఏదో ఒక ఇంటి వరండాలో, చాయ్ పెట్టి, పదిమంది ఆడవాళ్ల ముందు చదవండి. వాళ్లు మొహమాటానికి చప్పట్లు కొట్టరు. ఎక్కడ పక్కవారితో ముచ్చట మొదలుపెట్టారో అక్కడ మీ కథ సాగిలపడిందని గుర్తు పెట్టుకోండి.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. అధ్యక్షులవారు గంట వైపు చూస్తున్నారు. నేను చెప్పినది నేనే పాటించకపోతే బాగుండదు. భోజనం తరువాత మీ అభ్యాసం ఉంటుంది. నలుగురు నలుగురుగా వేదిక మీదకు వస్తారు, మనిషికి ఏడు నిమిషాలు, ఆరో నిమిషానికి గంట మోగుతుంది. ప్రశ్నలు అడిగేది మిగిలిన మీరే, ఎవరినీ ఉపేక్షించవద్దు. ఉట్నూరు నుంచి వచ్చిన సోదరికి బస్సు తొందర ఉందని విన్నాను. ఆమెను మొదటి జట్టులో పిలుద్దాం. ఏ పేజీ చదువుతారో ఇప్పుడే గుర్తు పెట్టుకోండమ్మా.